మైకు కొనే ముందు

అమ్మలూ,

పాత తెలుగు కథలు చదివి ఆడియోబుక్ చేస్తానన్నావు, చాలా సంతోషం. ఏ మైకు కొనాలని అడిగావు కానీ, అంతకంటే ముందు గది చూసుకో. ఎంత ఖరీదైన మైకైనా బోడి గోడల మధ్య పెడితే బావిలోంచి మాట్లాడినట్టే ఉంటుంది. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టు. చప్పుడు ఆగాక కూడా ఝుమ్మని మోగిందా, ఆ గది వద్దు. బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి దాని ఎదురుగా కూర్చో. వీపు వెనక మందపాటి బొంత వేలాడదీయి. మైకు ముఖం నీవైపే ఉంటుంది కాబట్టి నీ వెనక గోడకు తగిలి వచ్చే శబ్దం నేరుగా అందులో పడుతుంది. చాలామంది ఈ బొంత సంగతే మరిచిపోతారు.

ఫ్యాను, ఫ్రిజ్ ఆపేయి. ఇంటి తాళంచెవులు ఫ్రిజ్‌లో పెట్టు, వాటికోసం తెరిచినప్పుడు ఫ్రిజ్ మళ్లీ ఆన్ చేయడం గుర్తొస్తుంది. తర్వాత మాట్లాడకుండా 10 సెకన్లు రికార్డు చేసి చూడు. ఆ నిశ్శబ్దం రికార్డింగ్ మీటరులో మైనస్ 60 డెసిబెల్స్ కంటే కిందే ఉండాలి (అందులో 0 అంటే గరిష్ఠ శబ్దం, ఎంత కిందికి పోతే అంత నిశ్శబ్దం). పైన ఉంటే మోత ఎక్కడిదో వెతికి ఆపు. సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తీసేద్దామనుకోకు, గట్టిగా తీస్తే గొంతు నీళ్లలో మునిగినట్టవుతుంది.

మైకు నోటికి జానెడు కంటే కాస్త దగ్గరగా, తిన్నగా కాకుండా ఓ పక్కకి పెట్టు. ప, ఫ, భ పలికినప్పుడు వచ్చే గాలి దెబ్బ దానికి తగలకూడదు.

అసలు కష్టమంతా పుస్తకం దగ్గరే. పెన్సిలు పట్టుకుని మొత్తం ఒకసారి చదువు. పొడుగు వాక్యాల్లో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గీత పెట్టుకో. 1908 అని ఉంటే 'పంతొమ్మిది వందల ఎనిమిది' అని పక్కన రాసుకో. చ, జ ల దగ్గర మరీ జాగ్రత్త. అన్నంలో పోసుకునే చారులో చ పళ్ల దగ్గర పలుకుతుంది, చారుమతిలో చ అంగిటి దగ్గర. జాబిల్లికీ జాతికీ అదే తేడా. అక్షరం ఒకటే కదా అని ఒకేలా చదివితే కథ ఎంత గొప్పదైనా వినేవాళ్ల మనసు దూరమైపోతుంది. సందేహం ఉన్న ప్రతి మాట కింద గీత గీసి, ఇంట్లో పెద్దవాళ్లను అడుగు.

తప్పు చదివితే ఆ మాట ఒక్కటే మళ్లీ చదివి అతికించకు, స్వరం కలవదు. వాక్యం మొదటికి వెళ్లు. ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో షిఫ్ట్, డి కలిపి నొక్కితే కాస్త వెనక నుంచి వినిపించి, అక్కణ్నుంచే రికార్డవుతుంది.

రికార్డింగ్ సెట్టింగుల్లో శాంపిల్ రేటు 44.1 కిలోహెర్ట్జ్, మోనో (ఒకే ఛానెల్) పెట్టుకో. చదివేటప్పుడు మీటరు మైనస్ 6 దాటనివ్వకు. చివరి ఫైలుకి ఏసీఎక్స్ (ఆడిబుల్‌కి ఆడియోబుక్కులు పంపే వేదిక) కొలతలు తెలుగుకీ బాగుంటాయి: సగటు శబ్దం (ఆర్ఎంఎస్) మైనస్ 23కీ మైనస్ 18కీ మధ్య, శిఖరం (అన్నిటికంటే గట్టి శబ్దం) మైనస్ 3 లోపు, ఎంపీ3 అయితే 192 కేబీపీఎస్. 80 హెర్ట్జ్ కింది గురగుర ముందు కోసెయ్యి, ఆ తర్వాతే శబ్దం పెంచు. తిరగేస్తే ఆ గురగుర కూడా పెరుగుతుంది. కుదించని అసలు వేవ్ (WAV) ఫైళ్లు చెరిపేయకు. పేర్లు 01, 02 అని మొదలుపెట్టు, లేకపోతే కొన్ని ప్లేయర్లలో పదో అధ్యాయం రెండోదాని కంటే ముందొస్తుంది.

ఇక హక్కులు, అంటే కాపీరైటు. రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు లెక్క. గురజాడ 1915లో పోయారు, ఆయన కథలు ధైర్యంగా చదువుకో. చలం 1979లో పోయారు కనుక 2039 చివరిదాకా వారసుల అనుమతి కాగితం మీద తీసుకోవాల్సిందే. పాత కథకి కొత్తగా రాసిన ముందుమాట, వివరణలు ఉంటే వాటి హక్కు వేరు, అవి చదవకు.

ముందు ఆ 10 సెకన్ల నిశ్శబ్దం ఫైలు నాకు పంపు. అది విన్నాక మైకు సంగతి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న