31వ వారంలో నొప్పులు: స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించొచ్చా?

పాడేరులో ఉన్న మీ చెల్లెలికి 31వ వారంలోనే నొప్పులొచ్చాయి, బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధం కావడానికి ఇంజెక్షన్ వేసి విశాఖపట్నం పంపుతామంటున్నారు, స్టెరాయిడ్ అనేసరికి మీ అమ్మగారు వద్దంటున్నారు. ఇదే కదండీ మీ ప్రశ్న? వేయించండి, బయల్దేరండి. మిగతాది దారిలో చదువుకోవచ్చు.

నేను డాక్టర్ని కాదు. మాది విశాఖలోని మధురవాడ. మా బాబు 32వ వారంలో పుట్టాడు. అప్పుడు మా అత్తయ్యా ఇలాగే అడ్డుపడ్డారు. ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ దక్కదని ఆవిడ నమ్మకం, దానికి తోడు ఈ స్టెరాయిడ్ ఒకటి! ఆవిడ భయం ఏళ్ల తరబడి మాత్రలు మింగి మొహాలు ఉబ్బినవాళ్లని చూసి వచ్చింది. ఇది అలాంటిది కాదు. నాకు ఇచ్చింది డెక్సామెథసోన్, 12 గంటలకోసారి 6 మిల్లీగ్రాములు, నాలుగు డోసులు, అంతే. ప్రతి డోసుకీ నర్సమ్మ కేస్ షీట్ మీద ఎర్ర పెన్నుతో టైము వేసేది. నాకు షుగర్ ఉండటంతో అది పెరిగింది, రెండు మూడు రోజులు వేళ్లన్నీ పొడిచి చూశారు. మీ చెల్లెలికి షుగర్ ఉంటే ముందే చెప్పండి.

ఈ వైద్యం గొర్రెల దగ్గర మొదలైంది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో గ్రాహం లిగ్గిన్స్ అనే ప్రసూతి డాక్టరు, అసలు నొప్పులు ఎలా మొదలవుతాయో తేల్చుకుందామని కడుపులోని గొర్రెపిల్లలకి స్టెరాయిడ్ హార్మోన్లు ఎక్కించి చూశారు. అంత ముందుగా పుట్టినవి ఊపిరి అందక వెంటనే చనిపోవాలి. కానీ వాటి ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్లింది! నెలలు నిండని బిడ్డకి సర్ఫాక్టెంట్ అనే పదార్థం చాలదు. అది లేకపోతే తడిసిన ప్లాస్టిక్ కవర్‌లా ఊపిరితిత్తుల లోపలి గదులు అతుక్కుపోతాయి. స్టెరాయిడ్ దాన్ని త్వరగా తయారుచేయిస్తుంది. లిగ్గిన్స్, పిల్లల డాక్టర్ రాస్ హోవీ కలిసి 282 మంది తల్లుల మీద చేసిన పరీక్ష 1972లో అచ్చయింది. మందు అందిన తల్లుల బిడ్డల్లో తొలి వారం మరణాలు 3.2 శాతం, అందనివారిలో 15 శాతం. ఇంత తేడా ఉన్నా అందరూ వాడటానికి ఇంకో ఇరవయ్యేళ్లు పట్టింది, అది వేరే కథ.

అయితే గుడ్డిగా ఎక్కడపడితే అక్కడ వేస్తే సరిపోదు. మన దేశంతో సహా కొన్ని దేశాల్లో జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితం 2015లో వచ్చింది. వారాల లెక్క సరిగా తెలియనిచోట, పుట్టాక చూసే వసతి అంతంతమాత్రంగా ఉన్నచోట ఈ మందు వాడకం పెంచితే, మొత్తం మీద శిశు మరణాలు పెరిగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మళ్లీ భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, కెన్యా, నైజీరియాల్లో చూసింది, ఆ ఫలితం 2020లో వచ్చింది. ఈసారి స్కాన్‌తో వారాలు తేల్చి, పసిపిల్లల్ని చూసుకోగల ఆసుపత్రుల్లోనే ఇచ్చారు. మరణాలు 23.5 నుంచి 19.6 శాతానికి తగ్గాయి. మేలు తేటతెల్లం కావడంతో పరీక్షని మధ్యలోనే ఆపేశారు.

అందుకని మీరు పట్టించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఆ 31 వారాలు ఏ లెక్కన? నెలసరి తేదీ చాలామందికి ఖచ్చితంగా గుర్తుండదు, మూడో నెల లోపు తీసిన స్కాన్ రిపోర్టు ఉంటే అదే మీకు బలం, తప్పకుండా తెచ్చుకోండి. రెండోది, పసిపిల్లల ఐసీయూలో మంచం ఉందో లేదో పాడేరు వాళ్లనే ఫోన్ చేసి కనుక్కోమనండి. విశాఖలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్ అయినా ప్రైవేటు అయినా సరే, బిడ్డ కడుపులో ఉండగానే ఘాట్ రోడ్డు దిగడం మంచిది. పుట్టాక 108లో తేవడం చాలా కష్టం. విశాఖ చేరేలోపు కోర్సు పూర్తి కాదని ఆగొద్దు, ఒక్క డోసు పడినా ఎంతో కొంత నయం.

మా వాడికి వెంటిలేటర్ అవసరం పడలేదు, ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీపాప్ పెట్టారు. అది ఇంజెక్షన్ చలవేనా అంటే ఒక్క బిడ్డని చూసి తేల్చలేం. తర్వాత కంగారూ పద్ధతి. మే నెల ఉక్కలో మావారు చొక్కా విప్పి వాణ్ని గుండెల మీద పడుకోబెట్టుకుని, చెమటలు కారుతున్నా కదలకుండా కూర్చునేవారు. మీ బావగారినీ ఇప్పటినుంచే సిద్ధం చేయండి.

రిఫరల్ చీటీ మీద మొదటి డోసు టైము రాయించుకోవడం మాత్రం మర్చిపోవద్దు, రెండోది ఎప్పుడివ్వాలో ఇక్కడివాళ్లు దాన్ని చూసే లెక్కేస్తారు. ఉమ్మనీరు పోతున్నా, రక్తం కనిపించినా, జ్వరం ఉన్నా వచ్చిన వెంటనే చెప్పండి.