ప్రాక్టికల్స్‌లో మార్కులు పోతున్నాయని రీడింగ్ మార్చి రాయాలా?

ప్రశ్న: మాది రాయగడ. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ చదువుతోంది. లఘు లోలకం (దారానికి కట్టి ఊపే గుండు) ప్రయోగంలో గురుత్వ త్వరణం 10.9 వచ్చింది. వచ్చింది వచ్చినట్టే రాసింది. పక్కవాళ్లు పుస్తకంలో ఉన్న 9.8 వేసుకుని మంచి మార్కులు తెచ్చుకున్నారు. 'ఇకమీదట నేనూ అంతే' అంటోంది. ఏం చెప్పమంటారు?

జవాబు: రీడింగ్ మార్చొద్దనే చెప్పండమ్మా. అయితే 10.9 రాసి ఊరుకుంటే సరిపోదు. అది ఎందుకు వచ్చిందో కూడా వెతకాలి.

నాకు తోస్తున్న కారణం ఇది. గుండును వదలగానే 'ఒకటి' అని లెక్క మొదలుపెట్టి ఉంటుంది. అలా చేస్తే 20 అనుకున్నవి నిజానికి 19 డోలనాలే (గుండు ఒకసారి అటు వెళ్లి తిరిగి వస్తే ఒక డోలనం). దారం మీటరు పొడవుంటే 20 డోలనాలకు దాదాపు 40 సెకన్లు పట్టాలి, తనకు 38 వచ్చి ఉంటాయి. ఆ లెక్క కడితే సరిగ్గా 10.9 దగ్గరే తేలుతుంది. ఇంట్లో దారం, చిన్న బరువు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు, ఈసారి 'సున్నా' నుంచి లెక్కపెట్టి చూడమనండి. పొడవు కొలిచేటప్పుడు గుండు మధ్య వరకూ కొలవాలి. కొక్కెం దగ్గర ఆపేస్తే సెంటీమీటరు తేడాకే 9.8 కాస్తా 9.7 అవుతుంది. ఇలా తప్పు ఎక్కడుందో పట్టుకున్న పిల్లకు, 9.8 చూసి రాసిన పిల్ల కంటే ఎక్కువ మార్కులు రావాలన్నది నా గట్టి అభిప్రాయం.

జవాబు ఒక్కటే చూసి మార్కులు వేస్తే పిల్లలు జవాబునే తయారు చేస్తారు. సీబీఎస్‌ఈ 12వ తరగతి ఫిజిక్స్ ప్రాక్టికల్స్ 30 మార్కుల్లో రికార్డుకు 5, వైవాకు (నోటితో అడిగే ప్రశ్నలకు) 5 విడిగా ఉన్నాయి. మీ అమ్మాయి కాలేజీలో ఎలా వేస్తారో లెక్చరర్‌నే అడగాలి. పక్కవాళ్ల మాట ఎత్తకుండా, రికార్డు పట్టుకెళ్లి 'సార్, నాకు ఎక్కడ తగ్గాయి?' అని మర్యాదగా అడగమనండి. మళ్లీ తీసిన రీడింగ్ కూడా చూపిస్తే ఇంకా మంచిది.

వచ్చిన రీడింగ్‌నే రాసే అలవాటు విలువ ఉద్యోగాల్లో బాగా తెలుస్తుంది. మీ దగ్గరున్న జేకేపూర్ కాగితం మిల్లు, దామన్‌జోడి నాల్కో అల్యూమినియం కంపెనీ, శ్రీకాకుళం వైపు పైడిభీమవరం మందుల కంపెనీలు, అన్నింటికీ నాణ్యత చూసే ల్యాబులు కావాలి. మందుల ల్యాబుల్లో తప్పు అంకెను చెరిపేయరు. పాతది కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం పెడతారు. రీడింగ్ తయారు చేసినట్టు తేలితే ఉద్యోగమే పోవచ్చు. బరంపురం ఐసర్ (సైన్స్ చదువులు చెప్పే కేంద్ర సంస్థ) లాంటి చోట చేరాలన్న ఆలోచన ఉంటే, అక్కడి చదువులో ల్యాబ్ పెద్ద భాగం. జేఈఈ మెయిన్, నీట్ ఫిజిక్స్ సిలబస్‌లలో కూడా ప్రయోగ నైపుణ్యాల యూనిట్ ఉంది.

ఇంకో మాట. ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లలు వైవాలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో చెప్పమంటే, తెలిసింది కూడా చెప్పలేక టెన్షన్ పడతారు. రోజూ ఒక ప్రయోగం ఎలా చేసిందో, తప్పు ఎక్కడ జరగొచ్చో ఆ భాషలో మీకు పైకి చెప్పించండి. మీకు పూర్తిగా అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ఎదురుగా కూర్చుని వింటే చాలు.