డాక్టర్ సలహా: ముందు ఆ తెల్లమాత్ర సంగతి తేల్చండి

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. పిత్తాశయంలో రాళ్లకు వచ్చే గురువారం రాజమహేంద్రవరంలో ల్యాప్రోస్కోపీ ఆపరేషన్. మత్తు ఇస్తే మళ్లీ లేవనేమోనని భయంతో నిద్రపోవడం లేదు. ముందురోజు రాత్రి నిద్రమాత్ర వేయొచ్చా? మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే చిన్న తెల్లమాత్ర రెండేళ్లుగా వాడుతోంది, దానితో ఇబ్బందేమీ లేదు.
– ఓ పాఠకురాలు, రాజోలు

జవాబు: నిద్రమాత్ర సంగతి తర్వాత. ఇబ్బంది లేదన్న ఆ తెల్లమాత్రతోనే నాకు ఇబ్బంది. పొట్లం కట్టి ఇస్తూ, వేసుకున్న గంటల్లో నొప్పి లాగేస్తుంటే అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు. చూడకుండా ఖాయంగా చెప్పలేను. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడితే మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను సొంతంగా తయారుచేయడం తగ్గించేస్తాయి. ఆపరేషన్ వేళ ఒంటికి అదే ఎక్కువ కావాలి. చాలకపోతే టేబుల్ మీదే బీపీ పడిపోవచ్చు. పైగా స్టెరాయిడ్‌తో షుగర్ అదుపు తప్పుతుంది, గాయం త్వరగా మానదు. అలాగని ఇవాళే మానిపించకండి, ఉన్నట్టుండి ఆపితే ఇంకా ప్రమాదం. పొట్లం, పాత చీటీలతో సహా రేపే మత్తు డాక్టరుకు చూపించండి. ముందే తెలిస్తే అవసరాన్నిబట్టి కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఇంత పెద్ద విషయం ఉత్తరం చివర రాస్తారా అమ్మా!

షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఉంటే సాధారణంగా 3 రోజుల ముందే ఆపిస్తారు. లేకపోతే షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లాలు పేరుకోవచ్చు. బీపీ మాత్రల్లో కొన్ని ఆ ఉదయం గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి, కొన్ని ఆపాలి. మీ అంతట మీరు తేల్చుకోకండి.

నూనె, నెయ్యి పడ్డ భోజనమైతే 8 గంటలు, ఇడ్లీ లాంటిదైతే 6 గంటలు ఖాళీ ఉండాలి. మంచినీళ్లు సాధారణంగా 2 గంటల ముందువరకు తాగొచ్చు. పాలు కలిస్తే కాఫీ కూడా తిండి కిందే లెక్క. తెల్లవారుజామున బయల్దేరి రావులపాలెంలో ఆగి, ‘అర గ్లాసే కదా’ అని తాగించారో, ఆపరేషన్ వాయిదానే. మత్తులో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది.

ఇక భయం. మత్తు డాక్టరు దగ్గరికి రిపోర్టులు మాత్రమే కాదు, అమ్మనూ తీసుకెళ్లండి. లేవనేమో అన్న మాట ఆవిడ నోటితోనే అడగనివ్వండి. మత్తు ఇచ్చినవాళ్లు ఆవిడ లేచేదాకా పక్కనే ఉండి ఊపిరి, గుండె, బీపీ చూస్తుంటారని తెలిస్తే సగం బెంగ తీరుతుంది. నిద్రమాత్ర కావాలో వద్దో కూడా ఆయనే చెబుతారు. మెడికల్ షాపులో కొని వేయకండి, ఈ వయసులో ఊపిరి మందగించవచ్చు, మతిమరుపుగా మాట్లాడొచ్చు.

మంగళసూత్రం, మెట్టెలు, ముక్కుపుడక ఇంట్లోనే తీయించండి. మెడ బోసిగా ఉండకూడదంటే పసుపుతాడు కట్టుకోవచ్చేమో ఆసుపత్రిలో అడగండి.