స్టాక్‌లో 3 కాపీలు, ర్యాక్‌లో సున్నా: ఇదీ అసలు సంగతి

మీ పుస్తకాల షాపు కంప్యూటర్‌లో ఆ కథల పుస్తకం 3 కాపీలున్నట్టు చూపిస్తోంది, ర్యాక్‌లో మాత్రం ఒక్కటీ లేదన్నావు కదా తమ్ముడూ. అవేం మాయమవలేదు, ఒకే పుస్తకం కంప్యూటర్‌లో రెండు పేర్లతో ఎక్కి ఉంటుంది. బిల్లింగ్‌లో తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు కదా. ‘కథలు’లో ‘థ’కి ఒకరు టీహెచ్ కొడితే ఇంకొకరు డీహెచ్ కొడతారు. సరుకు ఒక పేరు మీద దిగింది, బిల్లు ఇంకో పేరు మీద పడింది.

1. పేరుతో వెతకడం ఆపు. ప్రచురణకర్త, ధర పెట్టి వెతుకు.

2. మైనస్ స్టాక్ లిస్టు తియ్యి. అందరూ వదిలేసేది ఇదే. ఉన్న స్టాకే పదిసార్లు తిరగేస్తారు గానీ సున్నా కిందికి దిగినవి చూడరు. అదే ధర పుస్తకం మైనస్ 3 అని కనిపిస్తే లెక్క తేలినట్టే, అవి అమ్ముడైపోయాయి.

3. పాత పుస్తకమైతే ఐఎస్‌బీఎన్‌లో (పుస్తకం మీద అచ్చేసే గుర్తింపు సంఖ్య) 10 అంకెలే ఉంటాయి. 2007 నుంచి 13. ముందు 978 చేరుతుంది, చివరి అంకె మారొచ్చు. అందుకే 978నీ చివరి అంకెనీ వదిలేసి, మధ్య 9 అంకెలతో వెతుకు.

4. రెండో పేరు నువ్వే డిలీట్ చెయ్యకు, పాత బిల్లులు దానికే ముడిపడి ఉంటాయి. ఓనరుగారికి చూపించు.

మైనస్‌లోనూ లేదా? సన్న పుస్తకాలకు వెన్ను మీద పేరుండదు. లావు పుస్తకాల వెనక చెయ్యి పెట్టి చూడు.

ఏడాదిగా షాపు పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లి చదువుతున్నావని ఓనరుగారు నిన్నే అనుమానిస్తున్నారన్నావు. ఇకమీదట తీసుకెళ్లే పుస్తకం పేరు, తేదీ కౌంటర్ నోట్‌బుక్‌లో రాసి ఆయనతో సంతకం పెట్టించుకో.