లారీ ట్యాంకు గాలి పీల్చాలి, నీరు తాగకూడదు

వానలు మొదలైన నాటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో డీజిల్‌లో నీరు చేరడం గురించినవే ఎక్కువగా ఉంటున్నాయి. వాటిలో ఐదింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. తక్కిన నాలుగింటికీ మొదటిదే ఆధారం కనుక దానికి కొంత ఎక్కువ చోటు ఇచ్చాము.

ప్రశ్న: అయ్యా, నాకు పన్నెండు టైర్ల లారీ ఒకటి ఉంది. మేళ్లచెరువు నుంచి విశాఖపట్నం వైపు సిమెంటు లోడు వేస్తాము. పొగ కాలుష్యం తగ్గించే బీఎస్-6 ప్రమాణం బండి, ట్యాంకు 400 లీటర్లది. జులై నుంచి ఇప్పటికి రెండుసార్లు డ్యాష్‌బోర్డు మీద నీటి హెచ్చరిక దీపం వెలిగి బండి దారిలో ఆగిపోయింది. రెండోసారి ట్యాంకు అడుగు ప్లగ్గు విప్పితే 2 లీటర్ల దాకా నీరు వచ్చింది. ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు రెండు మార్చాల్సి వచ్చింది. అనుమానంతో బంకు మార్చి చూశాను, ఫలితం లేదు. గాలిలో తేమే ట్యాంకులో నీరుగా మారుతుందని, వానాకాలంలో ఇది మామూలేనని మెకానిక్ అంటున్నారు. ఇది నిజమేనా?
— లారీ యజమాని, కోదాడ

జవాబు: మీ మెకానిక్ చెప్పిన కారణం ఉన్నదే, కాని మీ ట్యాంకులో దిగిన 2 లీటర్లకు అది కారణం కాజాలదు. ఎందుకో లెక్క వేసి చూద్దాము.

ఇంజను డీజిల్‌ను లాగుకునే కొద్దీ ఖాళీ అయిన చోటును నింపడానికి ట్యాంకులోకి గాలి రావాలి. అందుకే ట్యాంకు పైభాగాన గాని, మూతలో గాని మన మెకానిక్కులు బ్రీదర్ అని పిలిచే చిన్న గాలి మార్గం ఉంటుంది. మీ బండి రోజుకు 100 లీటర్లు తాగుతుందనుకుంటే అంతే గాలి లోపలికి వెళుతుంది. ముసురు పట్టిన రోజున 30 డిగ్రీల వేడి దగ్గర ఒక ఘనపు మీటరు గాలి, అంటే 1,000 లీటర్ల గాలి, మోయగలిగే నీటి ఆవిరి సుమారు 30 గ్రాములు. ఆ ప్రకారం 100 లీటర్ల గాలితో పాటు వచ్చేది 3 గ్రాములు. నెలంతా కలిపినా 90 గ్రాములు, టీ గ్లాసెడు. అందులోనూ చాలా భాగం ఆవిరిగానే ఉండిపోతుంది. 2 లీటర్ల నీరు ఈ దారిన చేరాలంటే ఏళ్లు పట్టాలి.

మరి ఆ నీరు ఎలా వచ్చింది? ట్యాంకు గాలి పీల్చే క్షణంలో బ్రీదర్ నోటి దగ్గర నీరు నిలిచి ఉంటే అది గాలికి బదులు నీటినే పీలుస్తుంది. ఇంట్లో వేడి గిన్నె మీద మూత పెట్టి చల్లారనిస్తే ఆ మూత బిగుసుకుపోయి ఊడి రాకపోవడం అందరికీ అనుభవమే. లోపలి గాలి చల్లబడి ముడుచుకోవడమే దానికి కారణం. మీ బండిది కామన్ రెయిల్ ఇంజను, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందే రకం కనుక పంపు పంపిన డీజిల్‌లో మిగిలినది వేడెక్కి ట్యాంకుకు తిరిగి వస్తుంది. దూర ప్రయాణంలో ట్యాంకు 50 డిగ్రీల దాకా వేడెక్కడం వింత కాదు. సగం ఖాళీగా ఉన్న అటువంటి ట్యాంకు మీద జోరు వాన పడి 30 డిగ్రీలకు చల్లబడితే, లోపలి 200 లీటర్ల గాలి 12 లీటర్ల మేర ముడుచుకుంటుంది, డీజిల్ కూడా మరో 3 లీటర్లు తగ్గుతుంది. అంటే ఒక్క విడతలో 15 లీటర్ల చోటు బయటి నుంచి ఏదో ఒకటి కోరుతుంది. అది గాలి అయితే పట్టుమని పది చుక్కల నీరు కూడా రాదు. బ్రీదర్ చుట్టూ గ్లాసెడు నీరు నిలిచి ఉంటే ఆ గ్లాసెడూ లోపలికే పోతుంది.

ఇది నేను కళ్లారా చూసిన సంగతి. కొన్నేళ్ల క్రితం విజయవాడ ఆటోనగర్‌లో, అప్పుడే లోడు దింపి వచ్చిన ఒక లారీకి వాటర్ సర్వీసింగ్ చేస్తున్నారు. ట్యాంకు పైన, తీగలు దిగే పల్లపు చోట, మట్టి గడ్డకట్టి చిన్న గట్టులా మారింది. దాని లోపలే బ్రీదర్ గొట్టం కొస పడి ఉంది. గొట్టంతో నీళ్లు కొట్టిన కుర్రవాడు పక్కకు వెళ్లగానే ఆ పల్లంలో నిలిచిన రెండు వేళ్ల లోతు నీరు, ఒలికిపోయే దారి ఏదీ లేకుండానే, చిన్న సుడి తిరుగుతూ తగ్గిపోయింది. మర్నాడు ఉదయం ఇంజను స్టార్టు చేయక ముందే అడుగు ప్లగ్గు విప్పించి సీసాలో పట్టి చూపించేదాకా డ్రైవరు నమ్మలేదు. అప్పటి నుంచి సర్వీసింగ్‌కు వచ్చిన ప్రతి బండినీ ట్యాంకు తాకి, వేడిగా ఉంటే అరగంట ఆగి కడగమని చెబుతూనే ఉన్నాను.

మీరు చేయవలసిన పని చిన్నదే. ముందుగా ట్యాంకు పైభాగాన్ని బాగా శుభ్రం చేయించి బ్రీదర్ ఎక్కడ ఉందో, దాని గొట్టం ఎక్కడ ముగుస్తోందో చూడండి. చాలా బండ్లలో అది ట్యాంకు పక్కనే కిందికి వేలాడుతూ, చక్రాలు చిమ్మే నీటికి ఎదురుగా ఉంటుంది. డీజిల్‌కు ఉబ్బిపోని నైట్రైల్ రబ్బరు గొట్టం తీసుకుని, చాసిస్ మీదుగా క్యాబిన్ వెనక వైపు నిలువుగా పైకి నడిపించి, కొసను గొడుగు పిడిలా కిందికి వంచి బిగించండి. బంకులో ఓ మూలన నిలువుగా నిలబెట్టి పైకొసను వంచిన ఇనుప గొట్టాలను చూసే ఉంటారు. భూగర్భ ట్యాంకుల బ్రీదర్లు అవే, ఇక్కడా అదే పద్ధతి. దారిలో ఎక్కడా గొట్టం ఊయలలా జారకూడదు, ఆ పల్లంలో డీజిలో నీరో నిలిచి గాలి మార్గాన్ని మూసేస్తుంది. కొసను సైలెన్సరు దరిదాపుల్లో ఉంచకూడదు. బండి బోల్తా పడితే డీజిల్ కారకుండా ఆపే గుండు వాల్వు ట్యాంకు దగ్గర ఉంటే దాన్ని ఎట్టి పరిస్థితులలోనూ తీసేయవద్దు, గొట్టాన్ని దాని పై కొసకే తొడగాలి.

బంకు మీద అనుమానం తీరాలంటే తేదీలు రాసి పెట్టుకోండి. నింపించిన వెంటనే దీపం వెలిగితే బంకును అనుమానించవచ్చు, అదే రోజు అక్కడ పోయించుకున్న తక్కిన బండ్లూ ఆగి ఉంటాయి. వాన తరువాతో, సర్వీసింగ్ తరువాతో వెలిగితే తప్పు మీ ట్యాంకు మీదే ఉంది. ఒక్క హెచ్చరిక: బీఎస్-6 బండ్లకు యూరియా ద్రావణం కోసం నీలం మూతతో వేరే ట్యాంకు ఉంటుంది కదా, ఆ ద్రావణంలో మూడింట రెండు వంతులు నీరే. క్లీనరు పొరపాటున దాన్ని డీజిల్ ట్యాంకులో పోసిన సందర్భాలు లేకపోలేదు. మీరు తీసిన నీటిని పళ్లెంలో ఆరబెట్టండి. తెల్లటి పలుకులు మిగిలితే ఆ దిశగా విచారించండి.

ప్రశ్న: మాష్టారూ, రావులపాలెం నుంచి అరటి లోడు తోలే డ్రైవరును. ట్యాంకు మూత ఎవరో కొట్టేస్తే పాత సామాన్ల కొట్టులో వేరే మూత కొన్నాము. వాన నీరు పోతుందని మా ఓనరు గారు గాలి గొట్టానికి పాలిథిన్ సంచి చుట్టించారు. అప్పటి నుంచి గంటసేపు నడిచాక పికప్ పడిపోతోంది, ఎత్తు ఎక్కనంటోంది. మూత తీస్తే ఉస్సుమని శబ్దం వచ్చి మళ్లీ కాసేపు బాగానే పోతోంది. ఫిల్టర్లు మార్చినా అంతే.

జవాబు: ఆ ఉస్సుమన్న శబ్దంలోనే మీ ప్రశ్నకు సమాధానం ఉంది. కొన్ని మూతల్లో గాలి వాల్వు ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. మీరు కొన్నది రెండో రకం. ఉన్న ఒక్క గొట్టానికీ సంచి చుట్టారు. ఇక ట్యాంకులోకి గాలి రాదు, పంపు ఖాళీని లాగుతూ అలసిపోతుంది. ఇలాగే నడిపితే రేకు ట్యాంకు లోపలికి సొట్టపోవడం కూడా జరుగుతుంది. సంచిని ఇవాళే విప్పండి. మీ ఓనరు గారి భయం న్యాయమైనదే, కాని నీటిని ఆపడానికి గాలిని ఆపకూడదు. పై జవాబులో చెప్పినట్లు గొట్టాన్ని ఎత్తుకు తీసుకుపోవాలని వారికి చూపండి. మూతకు మేకుతో చిల్లు పొడిచే అలవాటు కూడా కొందరికి ఉంది, అది వాన నీటికి నేరుగా తలుపు తెరవడమే. మీ బండి మోడలుకు సరిపోయే మూతే కొని, దాని లోపలి రబ్బరు వాషరును గోటితో నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోయి మళ్లీ లేస్తే పనికొస్తుంది, గట్టిపడి పగుళ్లు ఇచ్చి ఉంటే మార్చాలి.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో నిలిపిన మా లారీ ట్యాంకు పూర్తిగా మునిగింది. వరద తగ్గాక స్టార్టు చేయబోయి ఇంజెక్టర్లన్నీ పోగొట్టుకున్నాము. మళ్లీ అటువంటి పరిస్థితి వస్తే ఏం చేయాలి?
— విజయవాడ

జవాబు: మీకు కలిగిన నష్టం చాలా పెద్దది. ముందుగా మునిగిన బండికి తాళం తిప్పకూడదని మీ వీధిలోని ప్రతి డ్రైవరుకూ చెప్పండి. తాళం ‘ఆన్’ చేసిన మాత్రాన కొన్ని బండ్లలో విద్యుత్ పంపు తిరిగి ట్యాంకు అడుగున చేరిన నీటిని ముందుకు తోసేస్తుంది. లీటరు డీజిల్ 830 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది, లీటరు నీరు కిలో. అందుకే నీరు ఎప్పుడూ అడుగునే, పంపు లాగే గొట్టం మూతి దగ్గరే ఉంటుంది. ఇంజెక్టర్లలో పనిచేసే ఒత్తిడి 1,600 బార్లు (ఒక బారు దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత), ఆ పైన. కదిలే భాగాల మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. ఆ సందులో డీజిల్ చమురులా పనిచేస్తుంది, నీరు పనిచేయదు. మునిగిన ట్యాంకును దింపి, ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి, రెండు ఫిల్టర్లూ మార్చి, కొత్త డీజిల్ పోసి, పైపులలో మిగిలినదంతా బయటికి తీశాకే ఇంజను ముట్టుకోవాలి.

వరద వస్తుందని తెలిసి బండిని ఎత్తయిన చోటికి తరలించే వీలు లేకపోతే, ట్యాంకు నింపి ఉంచండి, లోపల గాలి ఎంత తక్కువగా ఉంటే పీల్చుకునే చోటు అంత తగ్గుతుంది. వేడికి డీజిల్ పెరుగుతుంది కనుక అంచుదాకా మాత్రం పోయవద్దు, ఇరవయ్యో వంతు ఖాళీ వదలండి. బ్రీదర్‌ను మూయడం మంచిది కాదని పైన చెప్పాను. ఇంజను ఆపి నిలిపిన బండి మునగబోతున్నప్పుడు మాత్రం గొట్టం కొసకు, మూతలో గాలి రంధ్రం ఉంటే దానికీ బిరడా బిగించవచ్చు. ఆ వెంటనే బిరడా ఉన్నదని గుర్తుగా ఒక ఎర్ర గుడ్డను స్టీరింగుకు కట్టండి, బిరడా తీసిన చేత్తోనే ఆ గుడ్డ విప్పాలి.

ప్రశ్న: ట్యాంకులో పోస్తే నీటిని కరిగించేస్తుందని ఒక మందు సీసా అమ్ముతున్నారు. వాడవచ్చునా?
— నిజామాబాద్

జవాబు: వద్దు. కరిగిన నీరు ఎక్కడికీ పోదు. డీజిల్‌తో కలిసి, నీటిని వేరుచేసి పట్టే సెపరేటర్‌ను దాటుకుని ఇంజెక్టర్ దాకా ప్రయాణిస్తుంది. అడుగున విడిగా నిలిచిన నీటిని తీయడం తేలిక, కలిసిపోయిన దానిని తీయడం కష్టం. ఆ డబ్బుతో ఒక గాజు సీసా, రెండు వాషర్లు కొనుక్కోండి. రాత్రంతా నిలిచిన బండి సెపరేటర్ కుళాయిని ఉదయం ఇంజను స్టార్టు చేయక ముందే తిప్పి, గ్లాసెడు సీసాలో పట్టి పావుగంట ఉంచండి. అడుగున గీత కనిపిస్తే నీరు ఉన్నట్లు. ఆ గీత దగ్గర నల్లటి జిగురు పొర కూడా ఉంటే, నీటికి డీజిల్‌కు నడుమ బతికే సూక్ష్మజీవులు చేరాయని అర్థం. అప్పుడు ట్యాంకు దింపి కడిగించక తప్పదు.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైటు క్వారీ చూసుకుంటాను. యంత్రాలకు డీజిల్ డ్రమ్ములలో తెప్పిస్తాము. మూతలు గట్టిగానే బిగిస్తున్నాము, అయినా వాన పడిన మరుసటి రోజు నీరు కనిపిస్తోంది.

జవాబు: కోదాడ లారీకి జరిగినదే మీ డ్రమ్ములకూ జరుగుతోంది. నిలబెట్టిన డ్రమ్ముకు పైన అంచు ఉంటుంది. ఆ అంచు లోపల ఒక్క సెంటీమీటరు లోతు వాన నీరు నిలిచినా అది 2 లీటర్లకు పైమాటే. రెండు బిరడాలూ ఆ నీటి అడుగునే ఉంటాయి. పగలు రాతి మీద ఎండకు కాలిన డ్రమ్ము వానకు చల్లబడి లోపలికి లాగినప్పుడు, చేతికి గట్టిగా అనిపించే బిరడా కూడా దాని మర చుట్ల సందుల్లోంచి నీటిని రానిస్తుంది.

డ్రమ్ములను పడుకోబెట్టండి. రెండు బిరడాలూ గడియారంలో మూడు, తొమ్మిది అంకెలు ఉండే చోట్లకు రావాలి, అప్పుడు రెండింటి లోపలి వైపూ డీజిల్ ఉంటుంది, బయట నీరు నిలిచే చోటు ఉండదు. ఇది నిండు డ్రమ్ములకే వర్తిస్తుంది. సగం వాడిన డ్రమ్మును రేకు కిందికి తరలించండి, లేదా ఒక పక్క కింద చెక్క ముక్క పెట్టి, నీరు చేరే పల్లపు అంచు వైపు రెండు బిరడాలలో ఏదీ రాకుండా వాల్చండి. పెద్ద నిలువ ట్యాంకు పెట్టుకునే ఆలోచన ఉంటే దాని బ్రీదర్‌కు సిలికా జెల్ గిన్నె అమర్చుకోవచ్చు, సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన గాజు గిన్నెలో నీలం గుళికలు ఉంటాయే, అదే. తేమ పీల్చి గులాబీ రంగుకు తిరిగినప్పుడు గుళికలు మార్చాలి. డ్రమ్ములకు మాత్రం అదేమీ అక్కరలేదు, ఈ సాయంత్రమే నలుగురు కూలీలతో వాటిని పడుకోబెట్టించి, దొర్లకుండా ఇరువైపులా రాళ్లు పెట్టిస్తే చాలు.