ఫోబోస్ లోపలికి, డీమోస్ బయటికి ఎందుకు?

కుజుడికున్న రెండు ఉపగ్రహాలూ ఒకే గ్రహం చుట్టూ తిరుగుతూ, ఫోబోస్ దగ్గరికొస్తుంటే డీమోస్ దూరం జరుగుతోందేమిటని అడిగారు కదా. కిటుకంతా వేగంలోనే ఉంది. కుజుడు ఒక్కసారి తన చుట్టూ తాను తిరగడానికి 24 గంటల 37 నిమిషాలు పడితే, ఫోబోస్ 7 గంటల 39 నిమిషాల్లోనే చుట్టు పూర్తి చేసేస్తుంది. దాని ఆకర్షణకు కుజుడిలో లేచే చిన్న ఉబ్బు వెనకబడిపోయి దాన్ని వెనక్కి లాగుతుంటుంది. అందుకే వందేళ్లకు సుమారు 1.8 మీటర్లు కిందికి దిగుతోంది. డీమోస్‌కు 30 గంటల పైనే పడుతుంది కాబట్టి అక్కడ ఉబ్బు ముందుండి లాగుతుంది, కక్ష్య పెరుగుతుంది.

ఇవి కుజుడికి చిక్కిన గ్రహశకలాలన్న మాట మాత్రం నాకంతగా మింగుడుపడదు. అలాగైతే కక్ష్యలు సాగి, వాలి ఉండాలి. ఇవేమో దాదాపు గుండ్రంగా, కుజుడి మధ్యరేఖకు దాదాపు పైనే ఉన్నాయి! పెద్ద ఢీకొట్టుడులో ఎగిరిన శిథిలాల నుంచి పుట్టాయనడమే నయం, అదీ ఇంకా తేలలేదనుకోండి.