పాఠకుల ప్రశ్నలు: అప్పు తీసుకొని కొట్టు పెట్టడమా, చెక్కిన చెంచాకు ధర రాబట్టడమా?

ప్రశ్న: అయ్యా, మా పొదుపు సంఘంలో పది మందిమి ఉన్నాము. ఎక్కువ మందిమి ఇంటి దగ్గరే కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కి షావుకారుకు ఇస్తుంటాము. పథకాల కోసం ఎదురుచూడకుండా తలా ఒక వ్యాపారం పెట్టుకుంటే మార్కెట్టే పేదరికాన్ని పోగొడుతుందని ఈ మధ్య ఒక సమావేశంలో చెప్పారు. ఒక సంస్థవారు వారానికి 460 రూపాయల చొప్పున 50 వారాలు కట్టే పద్ధతిలో 20,000 రూపాయలు అప్పు ఇస్తామంటున్నారు. తీసుకొని చిల్లర కొట్లు పెట్టుకోమంటారా?
– ఒక పాఠకురాలు, ఉదయగిరి

జవాబు: అమ్మా, మార్కెట్టు పేదలకు మేలు చేయగలదన్న మాటను నేను కాదనను. అయితే ఆ మేలు పేదవారు అక్కడికి కొనడానికి వెళుతున్నారా, అప్పు కోసం వెళుతున్నారా, తమ సరుకు అమ్ముకోవడానికి వెళుతున్నారా అన్నదానిని బట్టి ఉంటుంది. పెద్ద కంపెనీలు చిన్న పొట్లాలలో చవకగా సరుకు అమ్మితే కంపెనీకీ పేదలకూ లాభమేనని మేనేజ్‌మెంట్ ఆచార్యుడు సి.కె. ప్రహ్లాద్ సుమారు ఇరవయ్యేళ్ల క్రితం వాదించారు. ఆయన పనిచేసిన మిషిగన్ విశ్వవిద్యాలయంలోనే ఆచార్యుడైన అనీల్ కర్నానీ దానిని ఖండిస్తూ, పేదలకు అమ్మడం కంటే పేదల నుంచి కొనడమే వారి ఆదాయాన్ని పెంచుతుందన్నారు. నాకు ఈ రెండో మాటే సరైనదిగా కనిపిస్తుంది.

ఇక అప్పు సంగతి. 50 వారాలలో మీరు కట్టేది 23,000 రూపాయలు, అంటే వడ్డీ 3,000. పైకి చూస్తే ఇది నూటికి రూపాయింపావలా వడ్డీలా ఉంటుంది. కాని మొదటి వారం నుంచే అసలు తీరిపోతూ ఉంటుంది కనుక ఏడాది మొత్తం మీద సగటున మీ చేతిలో ఉండేది 10,000 రూపాయలకు కాస్త అటూఇటూగానే. ఆ లెక్కన నిజంగా పడే వడ్డీ నూటికి నెలకు సుమారు రెండున్నర రూపాయలు. కొట్టులో అమ్మకం లేని వారం కూడా ఆ 460 రూపాయలు కట్టక తప్పదు. ఇటువంటి అప్పులు ఒకటి తీర్చడానికి మరొకటి పేరుకుపోయి, కుటుంబాలు చితికిపోయి, ఆత్మహత్యల వరకు వెళ్లిన తరువాతే 2010 అక్టోబరులో మన రాష్ట్ర ప్రభుత్వం ఇలా పేదలకు చిన్న అప్పులిచ్చే సూక్ష్మ రుణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు హైదరాబాదులోని 104 బస్తీలలో జరిపిన అధ్యయనంలోనూ, ఈ రుణాల వల్ల కొందరు వ్యాపారం పెంచుకోగలిగినా సగటు కుటుంబం ఖర్చు పెట్టగలిగే స్థోమత పెరగలేదని తేలింది. పైగా ఒకే వీధిలో పది కొట్లు వెలిస్తే కొనేవారు పది రెట్లు కారు. ఉన్న బేరమే పది మంది పంచుకోవలసి వస్తుంది.

మీ చేతిలో ఉన్న పని దీనికంటే విలువైనది. నర్ది, కల్ది, బిక్కి వంటి చెట్ల కొయ్యతో చేసే ఉదయగిరి చెంచాలకు భౌగోళిక గుర్తింపు, అంటే ఆ ఊరి పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందన్న చట్టబద్ధమైన రక్షణ ఉంది. గుర్తింపు వచ్చినంత మాత్రాన ధర పెరగదు. ఆ పేరును వాడుకునే హక్కు కోసం తయారుచేసేవారు కూడా అధీకృత వినియోగదారులుగా నమోదు కావాలి. షావుకారును నేను శత్రువుగా చూడడం లేదు. ఆయన కొయ్యకు బయానా ఇస్తాడు, సరుకు దూరం చేరవేస్తాడు, డబ్బు ఆలస్యమైతే ఓర్చుకుంటాడు. ఈ మూడు పనులను సంఘం చేయగలిగిన రోజున ఆయనకు పోయే వాటా మీకు మిగులుతుంది. 1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లా పాడి రైతులు చేసింది ఇదే: ఒక్కొక్కరు విడిగా పోసే పాలను సంఘం ద్వారా పోసి, ధర చెప్పే అధికారాన్ని తమ చేతుల్లోకి తెచ్చుకున్నారు.

కలసికట్టుగా నిలబడడం మీ ప్రాంతానికి కొత్త కాదు. మీకు దగ్గరలోని దూబగుంటలో 1992లో అక్షరాలు నేర్చుకున్న ఆడవారు సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు చేతిలో మిగలగానే రోజుకొక రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు నెల్లూరు జిల్లా అంతటా పుట్టాయి. అప్పుకంటే ముందు పొదుపు మొదలైంది కనుకనే ఆ సంఘాలు నిలిచాయని నా నమ్మకం.

కనుక ఆ 20,000 ఇప్పుడు తీసుకోవద్దు, కొట్లు వద్దు. ముందుగా ఒక నెలపాటు కొయ్యకు ఎంత పెట్టారు, ఎన్ని రోజులు చెక్కారు, ఎన్ని విరిగిపోయాయి, షావుకారు ఎంత ఇచ్చాడు అన్నవి పది మందీ ఒకే పుస్తకంలో రాయండి. సెలవుల్లో ఊరికి వచ్చే బంధువులతో నెల్లూరు, ఒంగోలు దుకాణాలలో అదే చెంచా ధర కనుక్కోండి. రెండు ధరల మధ్య తేడా ఎంతో తెలిశాక, మూడు నెలల కొయ్యకు సరిపడా మాత్రమే మీ సంఘం పేరున బ్యాంకు రుణం అడగండి.